సరిహద్దు ఊళ్ళ నుంచి ట్రాంబోన్ కొలువుకు: మొదటి స్వరం మొదలు మొదటి జీతం దాకా

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపు ఊళ్ళు: బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ వైపు తెలుగు కుర్రాళ్ళలో ట్రాంబోన్ (గొట్టాన్ని జరిపి స్వరం మార్చే ఇత్తడి ఊదు వాయిద్యం) పట్టినవాళ్ళు ఎక్కువగా రెండు చోట్ల తయారవుతారు: పెళ్ళి బ్యాండులో, లేదా చర్చిలో. చెవి చురుకు, ఊపిరి గట్టి. కొత్త సినిమా పాట నాలుగుసార్లు విన్నారంటే సాయంత్రం ఊరేగింపులో వాయించేస్తారు. ఎదురుగా నొటేషన్ కాగితం (గీతల మీద గుర్తులతో రాసిన సంగీతం) పెట్టండి, అక్కడ ఆగిపోతారు. ఈ వాయిద్యంతో స్థిరమైన జీతం ఇచ్చే చోట్లు దాదాపు అన్నీ ఆ కాగితానికి అవతల ఉన్నాయి. అందుకే ఈ మార్గదర్శిలో సగం బరువు దాని మీదే పెట్టాను.

ముందు స్లైడును స్వరాలతో పట్టుకోండి

ట్రాంబోన్‌కి మీటలు లేవు. స్లైడును ముందుకు జరిపితే గొట్టం పొడుగై శ్రుతి దిగుతుంది. స్లైడు మీద ఏడు స్థానాలు ఉంటాయి. ఒక్కో స్థానం దిగేకొద్దీ స్వరం అర్ధస్వరం చొప్పున తగ్గుతుంది. మామూలు టెనర్ ట్రాంబోన్ బి-ఫ్లాట్ శ్రుతిలో ఉంటుంది. మొత్తం గొట్టం చాపితే దాదాపు 9 అడుగులు.

పుస్తకాలు దీన్ని బి-ఫ్లాట్ మేజర్ స్కేలుతో మొదలుపెడతాయి. సంగీతం క్లాసుకు వెళ్ళిన పిల్లలకు నేను శంకరాభరణం అంటాను, రెండూ ఒకటే. బి-ఫ్లాట్‌ను షడ్జమం చేసుకోండి. స రి గ మ ప ద ని స వాయించడానికి కింది స్థాయిలో స్థానాలు ఇవి: 1, 6, 4, 3, 1, 4, 2, 1. మూడో స్థానంలో స్లైడు అడ్డకడ్డీ బెల్ (వాయిద్యం విప్పారిన మూతి) అంచుకు కాస్త ఇవతల ఉంటుంది, నాలుగో స్థానంలో కాస్త అవతల. మిగతావి కంటితో కొలవకండి, చెవితోనే దొరకాలి.

మొదటి స్థానంలో స్లైడు కదపకుండా పెదవి బిగువు మారుస్తూ పోతే స, ప, పై స, పై గ, పై ప వరసగా పలుకుతాయి. ఆ పై గాంధారం కీబోర్డుతో పోలిస్తే కాస్త దిగువగా వినిపిస్తుంది. తంబూరా శ్రుతితో కలిపితే మాత్రం హాయిగా అతుక్కుంటుంది, ఎందుకంటే సహజమైన అంతర గాంధారం అదే. ఫోనులో తంబూరా యాప్‌ను బి-ఫ్లాట్‌కి పెట్టి మొదటి ఆరు నెలలూ దానితోనే సాధన చేయండి. కీబోర్డుతో కలిపి వాయించాల్సిన రోజున పెదవితో ఆ స్వరాన్ని కొంచెం పైకి సర్దుకోవడం అప్పుడు తేలికగా వస్తుంది.

పన్నెండేళ్ళ లోపు పిల్లల చెయ్యి ఆరు, ఏడు స్థానాలకు అందదు. బలవంతం చేయొద్దు. ఎఫ్-అటాచ్‌మెంట్ ఉన్న వాయిద్యంలో బొటనవేలి ట్రిగ్గర్ నొక్కితే ఆరో స్థానపు రిషభం మొదటి స్థానంలోనే వస్తుంది. ఆ వాయిద్యం బరువు ఎక్కువ కాబట్టి, చిన్నపిల్లలకు ప్లాస్టిక్ ట్రాంబోన్ మేలు. దాని బరువు కిలో కూడా ఉండదు, వాన చినుకులకు భయపడక్కర్లేదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

మన బ్యాండుల్లో తిరిగే వాయిద్యాలు చాలావరకు మీరట్ నుంచి వస్తాయి. అక్కడి జాలీ కోఠీ బజారు బ్యాండు వాయిద్యాలకు పేరుపడింది. ధర తక్కువ. ఊరేగింపుకి చాలు. స్లైడు నునుపులో మాత్రం ఒక్కో దానికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి చూడకుండా తెప్పించుకోవద్దు.

స్లైడు పరీక్ష ఇలా: వాయిద్యాన్ని నిలువుగా పట్టి, లాక్ తీసి, బయటి గొట్టాన్ని దాని బరువుకే కిందికి జారనివ్వండి. కింద చెయ్యి కాపు పెట్టండి. ఎక్కడా తట్టుకోకుండా, గరగరలాడకుండా దిగాలి. మధ్యలో ఆగితే గొట్టం వంగినట్టే. లోపలి గొట్టాల మీద పూత లేచిపోయి ఇత్తడి కనిపిస్తుంటే ఎంత చవకైనా వదిలేయండి. గోపాలపురం గాలికి, ఉప్పు తేమకు ఇత్తడిలోని జింకు కరిగి లోపలి నుంచి గులాబీ రంగు మచ్చలు పుడతాయి. అవి కనిపించిన చోట కొన్నాళ్ళకు చిల్లి పడుతుంది.

కొంచెం డబ్బు పెట్టగలిగితే సెకండ్ హ్యాండ్‌లో యమహా వైఎస్ఎల్-354 లాంటిది వెతకండి. నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన చిన్న బోరు (గొట్టం లోపలి వెడల్పు) వాయిద్యం అది. దానికి 12సి లేదా 6½ ఏఎల్ మౌత్‌పీస్ సరిపోతుంది. మౌత్‌పీస్ కాడ చిన్నది, పెద్దది అని రెండు రకాలు. పెద్ద బోరు వాయిద్యానికి చిన్న కాడ పెడితే వదులుగా ఊగుతుంది, స్వరం నిలవదు. ఆర్కెస్ట్రా వైపు వెళ్ళాలనుకున్న రోజున 13.9 మిల్లీమీటర్ల పెద్ద బోరుకు మారాల్సి వస్తుంది. అది అయిదారేళ్ళ తర్వాతి మాట.

స్లైడుకు బదులు మీటలుండే వాల్వ్ ట్రాంబోన్ మీదో, యుఫోనియం మీదో మొదలైనవాళ్ళు దిగులుపడొద్దు. పెదవి, ఊపిరి అవే. చెయ్యి మాత్రమే కొత్తగా నేర్చుకోవాలి.

రోజూ గంటన్నర

ఒకేసారి గంటన్నర వద్దు. పెదవి కండరం అలిసిపోతే ఆ తర్వాత వాయించిందంతా తప్పుడు అలవాటుగా మిగులుతుంది. పొద్దున్న ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట.

పొద్దున్న దీర్ఘ స్వరాలు: ఒక్కో స్వరం ఊపిరి అయ్యేదాకా, మెల్లగా మొదలై పెరిగి మళ్ళీ తగ్గాలి. తర్వాత స్లైడు కదపకుండా పెదవితోనే స్వరాలు మార్చడం. సాయంత్రం నాలుక పని, పాటలు. విడివిడి స్వరాలకు నాలుక ‘త’ అంటుంది. కలిపి వాయించేటప్పుడు ప్రతి స్వరానికీ మెత్తగా ‘ద’ అనాలి, లేకపోతే స్లైడు జారుడు చప్పుడు మధ్యలో వినిపిస్తుంది. వేగంగా వాయించడానికి ‘తక తక’, మూడేసి స్వరాలకు ‘తతక’. మృదంగం జతులు నోటికి వచ్చిన పిల్లలు దీన్ని వారంలో పట్టేస్తారు.

జారుడు గురించి ఒక మాట. స్లైడు ఉంది కదా అని ప్రతి స్వరాన్నీ ఈడ్చడం పెళ్ళి బ్యాండు నుంచి వచ్చే పెద్ద దురలవాటు. ముందు జారుడు లేకుండా వాయించడం రావాలి. గమకం మన సొత్తు, ఈ వాయిద్యం మీద అద్భుతంగా పలుకుతుంది కూడా. కావాలనుకున్న చోట మాత్రమే రావాలి.

కాగితం చదవడం

క్లెఫ్ అంటే గీతల మీద ఏ చోట ఏ స్వరమో చెప్పే గుర్తు. ట్రాంబోన్ నొటేషన్ మామూలుగా బేస్ క్లెఫ్‌లో ఉంటుంది. రాసిన స్వరమే పలికే స్వరం, శ్రుతి మార్పిడి లేదు. ఇది మొదటి ఏడాదిలో రావాలి.

రెండో ఏడాదిలో బి-ఫ్లాట్ ట్రెబుల్ క్లెఫ్. బ్రిటిష్ బ్రాస్ బ్యాండు పద్ధతిలో టెనర్ ట్రాంబోన్‌కి ఇలా రాస్తారు: కాగితం మీద ‘సి’ అని ఉంటే పలికేది బి-ఫ్లాట్. మన దేశంలో సైన్యం, పోలీసు బ్యాండులు బ్రిటిష్ వారసత్వంతో వచ్చినవి కాబట్టి ఈ కాగితాలు మీ ముందుకు వస్తాయి. ఒక్క క్లెఫ్‌తో సరిపెట్టుకున్నవాళ్ళు పరీక్ష గదిలో తడబడతారు. ఆర్కెస్ట్రా వైపు వెళ్ళేవాళ్ళకు టెనర్ క్లెఫ్, ఆల్టో క్లెఫ్ కూడా తప్పవు.

ఎలా నేర్చుకోవాలి? గురువు దొరికితే సరే. దొరకని ఊళ్ళో చర్చి కీర్తనల పుస్తకం చాలు. నాలుగు గొంతుల నొటేషన్ ఉన్న పుస్తకంలో టెనర్, బేస్ గీతలు ట్రాంబోన్ స్థాయిలోనే ఉంటాయి. రోజుకొక కీర్తన తీసుకోండి. ముందు చేత్తో తాళం వేస్తూ లయ మాత్రం చదవండి. తర్వాత స్వరాల పేర్లు నోటితో పాడండి. వాయిద్యం ఎత్తడం మూడో పని. ఒకసారి మొదలుపెట్టాక తప్పు వచ్చినా ఆగకుండా చివరిదాకా వెళ్ళాలి, వెనక్కి వెళ్ళి దిద్దుకోవడం రెండోసారి. కొత్త కాగితాన్ని చూస్తూనే వాయించడాన్ని సైట్ రీడింగ్ అంటారు. ఆగకుండా సాగిపోవడమే సైట్ రీడింగ్‌లో పరీక్షించేది. వాయించేసిన కీర్తన మర్నాడు మళ్ళీ తీయకండి, ఎందుకంటే చెవి దాన్ని కంఠతా పట్టేసి ఉంటుంది, కన్ను పని మానేస్తుంది. మంచి చెవి ఉన్నవాళ్ళు ఈ ఉచ్చులోనే పడతారు.

బ్యాండులో పెరిగిన కుర్రాడికి ఈ దశ అవమానంగా అనిపిస్తుంది. పదేళ్ళుగా వేదికలు చూసినవాడు అక్షరాలు దిద్దే పిల్లాడిలా కూర్చోవాలి. ఓర్చుకోమని బతిమాలి చెబుతున్నాను. ఆరు నెలల ఓపిక తర్వాత ఎదుటివాళ్ళు మీ విలువ కట్టే తీరే మారిపోతుంది.

గ్రేడు పరీక్షలు

బ్రిటన్‌కు చెందిన సంగీత పరీక్షల సంస్థలు ఏబీఆర్ఎస్ఎం, ట్రినిటీ కాలేజ్ లండన్ రెండూ ట్రాంబోన్‌కి 8వ గ్రేడు వరకు పరీక్షలు పెడతాయి. ఇప్పుడు వీడియో తీసి పంపే పద్ధతి కూడా ఉంది కాబట్టి గుణుపురంలో కూర్చునే రాయొచ్చు. ఏబీఆర్ఎస్ఎంలో 6వ గ్రేడు నుంచి పైకి వెళ్ళాలంటే 5వ గ్రేడు థియరీ గానీ, దానికి సమానమైనది గానీ ముందు పూర్తి చేయాలి. ట్రినిటీలో ఆ షరతు లేదు. సర్టిఫికెట్ ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు. పాఠాలు చెప్పుకోవడానికి, స్కూళ్ళలో చేరడానికి, విదేశీ దరఖాస్తులకు పనికొస్తుంది.

ఊళ్ళోనే మొదటి సంపాదన

సరిహద్దు ఊళ్ళలో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. తెలుగు పంచాంగం ముహూర్తాలు, ఒడియా పంజిక ముహూర్తాలు అన్నిసార్లూ ఒకే రోజున పడవు. మనకు ఆషాఢం, మూఢం వచ్చి మేళాలు మూలనపడితే అటు ఒడియా పెళ్ళి ఉండొచ్చు. ఇద్దరి పాటలూ తెలిసిన ట్రాంబోనిస్టు ఖాళీగా కూర్చునే రోజులు తగ్గుతాయి. ఒడియా పెళ్ళి ఊరేగింపు పాటలు, తెలుగు పాటలు, హిందీ పాటలు మూడు జాబితాలు వేరువేరుగా రాసి పెట్టుకోండి, పక్కన శ్రుతి కూడా. గజపతి, రాయగడ జిల్లాల్లో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ కాబట్టి డిసెంబరంతా పని ఉంటుంది. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. దానికి ముందే బ్యాండు మాస్టారుతో మాట ఖాయం చేసుకోవాలి.

డబ్బు మాట మొహమాటం లేకుండా ముందే తేల్చుకోండి: ఎన్ని గంటలు, భోజనం ఎవరిది, తిరుగు బండి ఎవరిది, అడ్వాన్సు ఎంత. ఫోనులో మెసేజి రూపంలో ఉంటే చాలు. సీజన్ మొత్తానికి ముందే డబ్బు తీసుకుని ఒకే పార్టీకి కట్టుబడటం మాత్రం వద్దు. అప్పు తీరేలోపు సైన్యం ర్యాలీ తేదీ వచ్చి పోతుంది.

ఇంకొకటి. డీజే డబ్బాల పక్కన, సైడ్ డ్రమ్ముల మధ్య రాత్రంతా నిలబడితే వినికిడి దెబ్బతింటుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. మందుల షాపులో దొరికే ఇయర్ ప్లగ్గులు జేబులో పెట్టుకోండి. స్థానాలన్నీ చెవితోనే దొరకాల్సిన వాయిద్యం ఇది.

యూనిఫారం కొలువులు

మన వైపు కుర్రాళ్ళకు నెలజీతం ఇచ్చే దగ్గరి దారి ఇదే. దీని మీద ఆశ పెట్టుకోమనే చెబుతాను, లెక్కలు తెలుసుకుని మరీ పెట్టుకోమంటాను.

వాయుసేన అగ్నివీర్ వాయు మ్యుజీషియన్ పేరుతో ర్యాలీలు పెడుతుంది. నౌకాదళంలో ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్) మ్యుజీషియన్ ఎంట్రీ ఉంది. పదో తరగతి పాస్, పెళ్ళి కాకుండా ఉండటం, ప్రకటనలో ఇచ్చిన వయసు లోపల ఉండటం ప్రాథమిక అర్హతలు. పరీక్షలో మీ వాయిద్యాన్ని మీరే శ్రుతి చేసుకోవడం, సిద్ధం చేసుకున్న పాట వాయించడం, పరీక్షకుడు వినిపించిన తెలియని స్వరాన్ని పట్టుకోవడం, నొటేషన్ చదవడం ఉంటాయి. పాట పాడమనొచ్చు కూడా. పరుగు, వైద్య పరీక్ష వేరే. చాలామంది వాయిద్యం మీద దృష్టి పెట్టి పరుగులో పోగొట్టుకుంటారు. రోజూ పొద్దున్నే పరుగు తీయండి, ఊపిరికి కూడా మంచిదే.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం ప్రకారం సేవ 4 ఏళ్ళు. తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందిని కొనసాగిస్తారు. బయటికి వచ్చేవాళ్ళకు సేవానిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు అందుతాయి. అంటే ఈ ఉద్యోగాన్ని ముప్పై ఏళ్ళ కొలువుగా లెక్కేసుకోవద్దు. నాలుగేళ్ళు జీతం తీసుకుంటూ పొందే శిక్షణగా చూడండి. అలా చూస్తే దీనికి సాటి వచ్చే చోటు దేశంలో తక్కువ. ముంబయిలో ఐఎన్ఎస్ కుంజాలిలో నౌకాదళ సంగీత పాఠశాల ఉంది. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సైన్యపు మిలిటరీ మ్యూజిక్ వింగ్ 1950 నుంచి నడుస్తోంది. రోజుకు గంటల తరబడి బృందంతో, మంచి వాయిద్యం మీద, కాగితం చదువుతూ వాయించే అవకాశం అక్కడ దొరుకుతుంది. తూర్పు నౌకాదళం మన పక్కనే విశాఖలో ఉంది. అక్కడ నేవీ బ్యాండు కచేరీ ఉందని తెలిస్తే రైలెక్కి వెళ్ళి వినండి. ట్రాంబోన్ల వరస ఎక్కడ కూర్చుంది, ఎప్పుడు ఊపిరి తీస్తోంది చూడండి. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌ని కూడా అదే కన్నుతో చూడాలి.

పోలీసు బ్యాండుల విషయంలో సరిహద్దువాళ్ళకు ఒక చిక్కు ఉంది. ఒడిశా ప్రభుత్వ కొలువుల్లో సాధారణంగా ఒడియా భాష పాసై ఉండాలన్న నియమం ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు మీడియం అయితే ఒడియా పరీక్ష విడిగా రాసి సర్టిఫికెట్ ముందే దగ్గర పెట్టుకోండి. అటు ఆంధ్రలో ‘లోకల్’ లెక్క మీరు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి వస్తుంది. పర్లాకిమిడిలో చదివిన పిల్లాడికి పక్కనే ఉన్న పాతపట్నం కూడా నాన్-లోకలే. ఈ రెండు కాగితాల సంగతి పదో తరగతిలోనే చూసుకోవాలి.

స్టూడియోలు, ఓడలు

చెన్నై, హైదరాబాద్ స్టూడియోల్లో బ్రాస్ రికార్డింగ్ అంటే ట్రంపెట్, సాక్సాఫోన్, ట్రాంబోన్ కలిపి చిన్న బృందం. కాగితం చేతికిచ్చి, హెడ్‌ఫోన్‌లో లయ కోసం క్లిక్ చప్పుడు వినిపించి, రెండో టేక్‌కే కావాలంటారు. ఇంటి నుంచే వాయించి పంపే పని కూడా వస్తుంది. చప్పుడు లేని గది, ఓ మాదిరి మైకు, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ ఫైలు చాలు.

పెద్ద పర్యాటక ఓడల్లో షో బ్యాండులు ఉంటాయి. కొన్ని నెలల కాంట్రాక్టు, ఉండటం తినడం వాళ్ళదే. అడిషన్ మొత్తం సైట్ రీడింగ్, దాంతో పాటు స్వింగ్, లాటిన్ శైలులు. జాజ్ వినని చెవితో వెళ్ళొద్దు. అమెరికా జాజ్ ట్రాంబోనిస్టు జె.జె. జాన్సన్ రికార్డింగులతో మొదలుపెట్టండి. స్లైడు మీద అంత స్పష్టంగా వేగంగా వాయించొచ్చని నిరూపించినవాడు ఆయన. అంతటివాడు కూడా 1950ల మొదట్లో కొంతకాలం సంగీతం వదిలి ఫ్యాక్టరీలో బ్లూప్రింట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. మధ్యలో వేరే పని చేయాల్సి వచ్చినవాళ్ళు గుర్తుంచుకోండి.

ఆర్కెస్ట్రా సీటు

ఇక్కడ లెక్క కఠినం. సింఫనీ ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లే పధ్నాలుగు, పదహారు దాకా ఉంటాయి, ట్రాంబోన్లు సాధారణంగా మూడే: రెండు టెనర్, ఒక బేస్. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు దశాబ్దాలు కదలరు. జోసెఫ్ అలెసీ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ప్రిన్సిపల్‌గా 1985లో చేరారు, ఎన్నో దశాబ్దాలు అదే కుర్చీలో వాయించారు. మన దేశంలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో ముంబయి ఎన్‌సీపీఏలో మొదలైంది. అక్కడా విదేశీ కళాకారులతో పోటీ.

ఈ దారి పడితే అడిషన్‌లో ఏమడుగుతారో ముందే తెలుసు: మోజార్ట్ రెక్వియమ్‌లోని ట్రాంబోన్ సోలో, రావెల్ బొలెరోలోని సోలో, వాగ్నర్ వాల్కిరీల భాగం, ఫెర్డినాండ్ డేవిడ్ కాన్‌చెర్టీనో. ఇరవై నిమిషాల పరీక్ష కోసం ఏళ్ళ తరబడి ఈ కొద్ది పేజీలే సానబెడతారు. చదువుకు జర్మనీ ప్రభుత్వ సంగీత విద్యాలయాలు చూడండి, ఫీజు తక్కువ. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా బయటివాళ్ళకు సెమిస్టరుకు 1500 యూరోలు. ప్రవేశం అడిషన్ మీదే. జర్మన్ భాష కూడా కావాలి.

ఆలస్యమైందనుకునేవాళ్ళకు స్వీడన్‌కు చెందిన క్రిస్టియన్ లిండ్‌బర్గ్ సంగతి చెప్పాలి. ట్రాంబోన్ పట్టింది 17వ ఏట. 19కే స్టాక్‌హోమ్ రాయల్ ఒపేరా ఆర్కెస్ట్రాలో చేరాడు. తర్వాత అది వదిలి సోలో ట్రాంబోనిస్టుగా పేరు తెచ్చుకున్నాడు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకో పేరు: ట్రాంబోనిస్టు అబ్బీ కోనంట్. 1980లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ అడిషన్ తెర వెనక జరిగింది. వాయిస్తున్నది మగవాడనుకుని ఆమెను ఎంచుకున్నారు. ఆ తర్వాత సోలో స్థానానికి మగవాడే కావాలంటూ కిందికి దింపారు. ఆమె కోర్టుకెక్కి 1993 దాకా పోరాడి గెలిచింది. ‘ఊపిరి చాలదు, ఆడవాళ్ళ వాయిద్యం కాదు’ అని మన వీధిలో ఎవరన్నా అంటే తెర వెనక తీర్పు ఏమొచ్చిందో చెప్పండి. అగ్నివీర్ వాయు మ్యుజీషియన్‌కి అమ్మాయిలూ అర్హులే.

పాఠాలు చెప్పడం

ప్రకటనలో ఇచ్చిన వయసు దాటాక ర్యాలీల తలుపు మూసుకుపోతుంది, పెళ్ళిళ్ళు నడుస్తూనే ఉంటాయి. అప్పుడు ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో మొదలుపెట్టండి. ఇంగ్లీషు మీడియం స్కూళ్ళకు స్వాతంత్ర్య దినానికి, స్పోర్ట్స్ డేకి బ్యాండు కావాలి, శిక్షకుడు దొరకడు. ప్రిన్సిపల్ దగ్గరకు మాటలతో వెళ్ళొద్దు. నలుగురు పిల్లలతో జాతీయ గీతం, ఒక మార్చ్ వాయించి తీసిన వీడియో, గ్రేడు సర్టిఫికెట్, నెల వారీగా ఏం నేర్పుతారో రాసిన ఒక కాగితం తీసుకెళ్ళండి. స్కూలు వాయిద్యాలు కొంటానంటే స్లైడు పరీక్ష మీరే చేసి ఎంచండి. వాయిద్యాల జాబితా, మరమ్మతు ఖర్చు ఎవరిదన్నది నియామక పత్రంలోనే రాయించుకోండి. పిల్లలకు మొదటి నెల నుంచే ఏదో ఒక నొటేషన్ కాగితం ఎదురుగా స్టాండు మీద ఉండాలి, వాయించేది ‘స ప స’ మాత్రమే అయినా సరే.